అప్పుడు చాలన్నారు, ఇప్పుడు కనమంటున్నారు

2024 నవంబరు 18న ఆంధ్రప్రదేశ్ శాసనసభ రెండు సవరణ బిల్లులను ఆమోదించింది. ఒకటి పంచాయతీరాజ్ చట్టానికి, ఇంకొకటి పురపాలక చట్టాలకు. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారన్న మూడు దశాబ్దాల నిబంధన దాంతో పోయింది. అంతకు నెల ముందే ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు దక్షిణాది కుటుంబాలు ఎక్కువమంది పిల్లల్ని కనాలన్నారు. ఇద్దరికంటే ఎక్కువమంది ఉన్నవాళ్లే పోటీ చేసేలా చట్టం తెచ్చే ఆలోచన కూడా ఉందన్నారు. 1997లో దేశంలోనే అందరికంటే ముందు రాష్ట్ర జనాభా విధానం ప్రకటించి, చిన్న కుటుంబం కోసం ఊరూరా ప్రచారం చేయించిన ముఖ్యమంత్రి కూడా ఆయనే. ఆ సంగతి ఆయనేమీ దాచుకోలేదు. కాలం మారింది, లెక్క మారింది, విధానమూ మారాలన్నది ఆయన వాదన.

లెక్క మారిన మాట నిజమే. అయితే ఆ లెక్కలు వేసేది అమరావతిలో, ఢిల్లీలో. వాటికి ఒళ్లప్పగించాల్సింది మాత్రం కళ్యాణదుర్గం, రాయదుర్గం, కదిరి పల్లెల్లోని ఆడవాళ్లు. వాళ్లలో చాలామందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయి ఏళ్లు గడిచాయి. ఇక వాళ్లు కనలేరు. కనాల్సింది వాళ్ల కూతుళ్లు.

జనం ఎక్కువయ్యారా, వాన తక్కువయిందా?

ఈ పల్లెలున్న కరువు రాయలసీమకు జనాభాయే శాపమని ఎవరైనా అంటే ముందు పటం చూడాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి అనంతపురం జిల్లాలో చదరపు కిలోమీటరుకు 213 మంది. పశ్చిమ గోదావరిలో ఐదు వందలకు పైనే. జనం కిక్కిరిసిన చోట వడ్ల గాదెలు నిండాయి. జనం పలచగా ఉన్న చోట బెంగళూరు బస్సులు నిండాయి. తేడా మనుషుల సంఖ్యలో లేదు, నీళ్లలో ఉంది. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య రుతుపవనాలు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి వాటిలో సత్తువ ఉండదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ కుదురుగా పడదు. చెనక్కాయ విత్తడానికి ఒక వాన పడుతుంది. ఊడలు దిగే వేళకు మబ్బు మొహం చాటేస్తుంది. చెట్టు పచ్చగానే ఉంటుంది, పీకి చూస్తే కింద కాయ ఉండదు. ఆ ఏడు పశువుల మేతకే పంట.

అయినా పేదరికానికి పేదవాళ్ల సంతానమే కారణమన్న వాదనకు ఈ నేల మీద చాలా పాత చరిత్ర ఉంది. 1876-78 నాటి మహా క్షామాన్ని మన పెద్దలు ధాత కరువు అన్నారు. అప్పటికి అనంతపురం ఇంకా బళ్లారి జిల్లాలోనే ఉంది, 1882లో విడిపోయింది. కరువు పనులకు వచ్చిన కూలీలకు రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం చాలని, కరువు పరిశీలనకు ప్రభుత్వం పంపిన రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. చేతికి ఒక అణా అదనం. దినమంతా రాళ్లు కొట్టే మనిషికి ఇది బతకడానికి చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ పోట్లాడాడు. వైస్రాయ్ లిట్టన్ మాత్రం మాల్థస్ పాఠం చదివినవాడు. ఈ దేశంలో జనం తిండికంటే వేగంగా పెరుగుతారని నమ్మాడు. అలా నమ్మినవాడికి ఆకలి చావు ప్రభుత్వ వైఫల్యంలా కాక ప్రకృతి చేసుకున్న సర్దుబాటులా కనిపిస్తుంది. జనాభా విధానంలో నీతి గురించి మాట్లాడాలంటే నేను ఇక్కడి నుంచే మొదలుపెడతాను. పేదల్ని మనుషులుగా కాక మిగులుగా లెక్కించే అలవాటు ఆపరేషన్ బల్లకంటే చాలా ముందే మన సీమకు వచ్చింది.

స్వతంత్రం వచ్చాక ఆ అలవాటు పోలేదు, మర్యాదగా మారింది. 1952లో ప్రపంచంలో అందరికంటే ముందు కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమం చేసింది మన దేశమే. మొదట్లో అది మందకొడిగా నడిచింది. 1965-66లో వరుసగా వానలు తప్పి అమెరికా గోధుమల మీద ఆధారపడ్డ రోజుల్లో, అధ్యక్షుడు జాన్సన్ ఆ ఓడలను విడతలు విడతలుగా వదులుతూ వ్యవసాయంతో పాటు జనాభా నియంత్రణ మీదా ఒత్తిడి పెంచాడు. 1968లో అమెరికా జీవశాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ రాసిన 'పాపులేషన్ బాంబ్' పుస్తకం ఢిల్లీ వీధుల్లోని జనాన్ని చూసి కలిగిన భయంతోనే మొదలవుతుంది. అదే జనం న్యూయార్కులో ఉంటే రద్దీ అనేవాడు. ఢిల్లీలో కనబడేసరికి బాంబు అయింది.

మగవాళ్లు తప్పుకున్న దారి

ఎమర్జెన్సీ కథ అందరికీ తెలిసినదే, కాబట్టి క్లుప్తంగా చెప్తాను. 1976-77 ఒక్క ఏడాదిలో దేశంలో 82 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. వాటిలో 62 లక్షలు మగవాళ్లవి. హర్యానాలో ఊళ్లను చుట్టుముట్టి మగవాళ్లను లారీలెక్కించారు. మన రాష్ట్రంలో ఆ స్థాయి జులుం లేదుగానీ లెక్కలు మాత్రం వెనకబడలేదు. లక్ష్యం నాలుగు లక్షలైతే ఏడు లక్షలు దాటించారు. లక్ష్యానికి దాదాపు రెట్టింపు చేసిన అధికారులు ఆ అదనపు మనుషుల్ని ఎక్కడి నుంచి, ఎలా తెచ్చారో ఊహించుకోవచ్చు.

1977 ఎన్నికల్లో ఉత్తరాది ఇందిరా గాంధీని ఓడించింది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే వచ్చాయి. జనతా పార్టీకి దక్కిన ఆ ఒక్కటీ నంద్యాల. గెలిచింది నీలం సంజీవరెడ్డి, అనంతపురం జిల్లా ఇల్లూరు మనిషి.

ఆ ఎన్నికల నుంచి పార్టీలన్నీ ఒక పాఠం నేర్చుకున్నాయి. బలవంతం చేయకూడదన్నది కాదు ఆ పాఠం. మగవాళ్ల జోలికి పోకూడదన్నది. అంతవరకు వేసక్టమీల మీద నడిచిన కార్యక్రమం కొద్ది ఏళ్లలోనే ట్యూబెక్టమీల మీదికి మళ్లింది. మగవాడి ఆపరేషన్ సులువైనది. పొట్ట తెరవక్కర్లేదు, పావుగంట పని, అదే రోజు ఇంటికి పోవచ్చు. ఆడవాళ్ల ఆపరేషన్‌లో పొట్ట లోపలికి పోవాలి. వైద్యశాస్త్రం ప్రకారం ఏది ముందు రావాలో చెప్పడానికి నిపుణుల కమిటీ అక్కర్లేదు. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో 69.6 శాతం మంది తామే ఆపరేషన్ చేయించుకున్నారు. భర్త చేయించుకున్న జంటలు 0.4 శాతం. మాత్రలు, లూప్, కండోమ్ అన్నీ కలిపినా నూటికి ఒకటి దగ్గరే ఆగుతాయి. దేశం మొత్తం మీద ఆపరేషన్ అయిన ఆడవాళ్లు 37.9 శాతం. మనం దానికి రెట్టింపుకు కాస్త తక్కువ.

మగవాడు కూలికి పోవాలి, బరువులెత్తాలి, బలహీనుడైపోతాడని పల్లెల్లో ఒక మాట ఉంది. ఆడమనిషి మాత్రం కుట్లు ఆరకముందే బిందె ఎత్తాలి. ఈ మూఢనమ్మకం చెక్కు చెదరనిదేమీ కాదు. 1990ల చివర్లో కరీంనగర్ జిల్లా కోత, కుట్టు లేని వేసక్టమీలకు దేశమంతటా పేరు తెచ్చుకుంది. డాక్టర్లు, అధికారులు పట్టుబడితే తెలుగు మగవాళ్లు వస్తారని అక్కడ రుజువైంది. మిగతా జిల్లాల్లో ఎవరూ అంతగా పట్టుబట్టలేదు.

ఎవరూ ఊహించని తగ్గుదల

ఆంధ్రప్రదేశ్‌లో సంతానం తగ్గిన తీరు జనాభా శాస్త్రవేత్తలకు చాలాకాలం తలనొప్పి. కేరళలో ఎందుకు తగ్గిందో అర్థమవుతుంది. ఆడవాళ్ల చదువు, ఆసుపత్రులు, తక్కువ శిశు మరణాలు. ఇక్కడ అవేవీ ఆ స్థాయిలో లేవు. 2001లో ఉమ్మడి రాష్ట్రంలో ఆడవాళ్ల అక్షరాస్యత యాభై శాతమే. 1992-93లో వెయ్యి మంది బిడ్డలు పుడితే డెబ్బై మంది ఏడాది నిండకుండానే పోయేవారు. పెళ్లిళ్లు చిన్న వయసులోనే జరిగేవి. పాఠ్యపుస్తకాల ప్రకారం ఇలాంటి చోట కాన్పులు తగ్గకూడదు. అయినా 1992-93లో ఒక్కో స్త్రీకి సగటున 2.6గా ఉన్న సంతానం 2005-06కల్లా 1.8కి దిగింది. ఆ ఏటి సర్వేలో కేరళ సంఖ్య 1.9.

ఇదంతా ప్రభుత్వం మెడ మీద కత్తి పెట్టి సాధించిందని చెప్పే వాళ్లున్నారు. నేను ఒప్పుకోను. మెట్ట సీమలో బతికిన వాళ్లకు సొంత కారణాలున్నాయి. సేద్యం నమ్ముకోదగ్గది కాదని రెండు తరాలకు అర్థమైపోయింది. పొలం పంచితే ఎవరికీ చెనక్కాయ విత్తనం ఖర్చు కూడా రాదు. పిల్లవాణ్ని చదివిస్తే బెంగళూరులోనో హైదరాబాదులోనో బతుకుతాడు. ఇద్దరినైతే ఇంగ్లీషు మీడియంలో వేయొచ్చు, నలుగురినైతే గొర్రెల వెంట పంపాలి. ఎన్టీఆర్ 1983లో తెచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం, తర్వాత వచ్చిన డ్వాక్రా సంఘాలు ఇంటి ఖర్చుల లెక్కను ఆడవాళ్ల చేతికి కొంత తెచ్చాయి. తక్కువమంది చాలని తేల్చుకున్న వాళ్లలో చాలామంది ఆడవాళ్లే. అత్తకు, మొగుడికి నచ్చజెప్పి, కొన్నిసార్లు చెప్పకుండా ఆపరేషన్‌కు పోయినవాళ్లూ ఉన్నారు. వాళ్లను అమాయక బాధితులుగా మాత్రమే చూపిస్తే వాళ్ల తెలివిని తక్కువ చేసినట్టే.

అయితే ఎంతమంది అన్నది వాళ్లు తేల్చుకున్నారుగానీ, ఎప్పుడు, ఎలా అన్నది వాళ్ల చేతిలో పెట్టలేదు. మొదటి బిడ్డకూ రెండో బిడ్డకూ మధ్య మూడేళ్లు ఎడం కావాలనుకున్న అమ్మాయికి ఆసుపత్రిలో ఎవరూ ఏ దారీ చూపలేదు. ఉన్నది ఒకటే దారి, అది వెనక్కి రాలేని దారి. సర్కారు లెక్కల రిజిస్టర్‌లో మాత్ర వాడే మనిషి ఈ నెల ఉంటుంది, వచ్చే నెల జారిపోతుంది. ఆపరేషన్ అయిన మనిషి ఒకసారి గీత కొడితే ఎప్పటికీ లెక్కలో ఉంటుంది. ఏఎన్ఎం మీద, ఆశా మీద, పై అధికారి మీద ఒత్తిడి ఉన్నప్పుడు వాళ్లు ఏ దారి చూపిస్తారో వేరే చెప్పాలా?

ఇరవై ఐదుకు ముందే ముగిసిన అధ్యాయం

పల్లెలో ఒక సాధారణ క్రమం చూద్దాం. పదిహేడో ఏట పెళ్లి. ఇది గడిచిన కాలపు ముచ్చట కాదు. 2019-21 సర్వేలో 20-24 ఏళ్ల మధ్య ఉన్న ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. దేశ సగటుకంటే ఎక్కువ. పద్దెనిమిదిలో తొలి కాన్పు పుట్టింట్లో. ఇరవై, ఇరవై ఒకటికి రెండోది. కాన్పయిన రెండు మూడు రోజులకే, లేదంటే చలికాలంలో పొలం పని తగ్గినప్పుడు ఆపరేషన్. నిబంధనల ప్రకారం ఇరవై రెండేళ్లు నిండాలి, కనీసం ఒక బిడ్డకు ఏడాది దాటాలి. రాష్ట్రంలో ఆపరేషన్ అయినవాళ్లలో సగానికి పైగా ఇరవై ఐదుకు ముందే చేయించుకున్నారు. పట్నంలో అదే వయసు అమ్మాయి ఇంకా ఉద్యోగం వెతుక్కుంటూ ఉంటుంది.

తర్వాత ఏమైనా జరగొచ్చు. బిడ్డ జబ్బు చేసి పోవచ్చు. భర్త పోవచ్చు, పురుగుల మందు సీసా అనంతపురానికి కొత్త కాదు. ఇంకో పెళ్లి చేసుకుందామంటే కొత్త సంసారంలో బిడ్డల్ని కనే మార్గం మూసుకుపోయి ఉంటుంది. ఆపరేషన్‌లో మూసిన నాళాలు తిరిగి కలిపే శస్త్రచికిత్స ఉంది. అది పెద్ద ఆసుపత్రిలో, చేయి తిరిగిన సర్జన్ చేయాలి, ఫలితానికి హామీ లేదు. ఆపరేషన్ల క్యాంపు మాత్రం మండల కేంద్రానికే వస్తుంది.

క్యాంపులో జరిగేదేమిటో దగ్గర నుంచి చూద్దాం. లాపరోస్కోపీ పద్ధతిలో పొట్ట మీద ఒకటో రెండో చిన్న గాట్లు పెడతారు. లోపలికి గ్యాస్ నింపి పొట్టను పైకి లేపుతారు. గాటులోంచి దుర్భిణి గొట్టం దించి, పరికరం పంపి, రెండు నాళాలనూ మెలిపెట్టి చిన్న సిలికాన్ రింగులు తొడుగుతారు. అనుభవమున్న చేతికి కొన్ని నిమిషాల పని. ఆలస్యమంతా పరికరం దగ్గరే. ఒకరి పొట్టలోంచి తీసిన గొట్టాన్ని ఇంకొకరికి వాడాలంటే క్రిమిసంహారక ద్రావణంలో ఇరవై నిమిషాలు ముంచి ఉంచి, శుభ్రమైన నీటితో కడగాలి. అందుకే ఒక బృందం రోజుకు ముప్పై మందికి మించి చేయకూడదని, అదీ మూడు లాపరోస్కోపులుంటేనే అని నిబంధన. బయట వరండాలో చాపల మీద వంద మంది పడిగాపులు కాస్తుంటే ఆ ఇరవై నిమిషాలే ముందుగా కరిగిపోతాయి.

2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒక సర్జన్ కొన్ని గంటల్లో 83 మందికి ఆపరేషన్లు చేశాడు. ఆ వారం అక్కడి క్యాంపుల్లో చేయించుకున్న వాళ్లలో 13 మంది చనిపోయారు. 2016 సెప్టెంబరు 14న దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు మూడేళ్లలోగా ఈ క్యాంపుల పద్ధతి మానేయమంది. ఆ తీర్పు వచ్చిన ఆరేళ్లకు, 2022 ఆగస్టు 25న, హైదరాబాదు శివార్లలోని ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి ఇదే పద్ధతిలో ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు. ఇన్ఫెక్షనే కారణమని తేలింది. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ క్యాంపస్ నుంచి కారులో గంట దూరంలో ఉన్న చోట ఇది జరిగింది కాబట్టి వార్త అయింది.

ఆపరేషన్ అయ్యాక ఆ మనిషి ఆరోగ్యశాఖకు కనబడదు. ఆమెకు ఇంకా పాతికేళ్ల నెలసరి ఉంది, నడుం నొప్పి ఉంది, తెల్లబట్ట ఉంది, రక్తహీనత ఉంది. నడుం నొప్పికి ఆపరేషనే కారణమని ఊళ్లో అందరూ అంటారు. అన్నిసార్లూ అది నిజం కాకపోవచ్చు. నిజమో కాదో పిలిచి చూసినవాళ్లే లేరు. ఆమెను మళ్లీ చూసేది ప్రైవేటు నర్సింగ్ హోమ్. ఎలాగూ పిల్లలు అయిపోయారు కదా, గర్భసంచి ఎందుకు, తీసేస్తే పోతుందన్న సలహా అక్కడ దొరుకుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 8.7 శాతం మందికి గర్భసంచి తీసేశారు. దేశంలో ఈ సంఖ్య 3.3. కుటుంబ నియంత్రణకు, దీనికి నేరుగా ముడి పెట్టలేం. కానీ గర్భసంచి అంటే పిల్లల్ని కనే సంచి మాత్రమేనని, పని అయిపోతే పారేయొచ్చని అందరికీ నేర్పింది ఎవరు?

వేరే పద్ధతులు ఎందుకు రాలేదని అడిగితే ఇంకో కథ చెప్పాలి. 1985లో మెదక్ జిల్లా పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగం మొదలైంది. అది ప్రయోగమన్న సంగతే అక్కడికి వచ్చిన ఆడవాళ్లకు సరిగా చెప్పలేదు. హైదరాబాదుకు చెందిన మహిళా సంఘం స్త్రీశక్తి సంఘటన ఆ సంగతి బయటపెట్టి, మరికొన్ని సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లింది. వాళ్లు అడిగింది సబబే. చెప్పకుండా సూది గుచ్చే వ్యవస్థ చేతిలో ఏ కొత్త మందు పెట్టినా భయమే. ఆ భయానికి మూల్యం కూడా ఉంది. ఎడం కోసం వాడే ఇంజెక్షన్, వారానికొక మాత్ర 'అంతర', 'ఛాయా' పేర్లతో ప్రభుత్వ కార్యక్రమంలోకి వచ్చేసరికి 2017 అయింది. అప్పటికి మన రాష్ట్రంలో రెండు తరాలు ఆపరేషన్ బల్ల దాటేశాయి.

ఎర ఎవరి ముందు?

1994లో కైరోలో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో జనాభా లక్ష్యాల కంటే స్త్రీల హక్కులు, ఆరోగ్యం ముఖ్యమని దేశాలన్నీ ఒప్పుకున్నాయి. 1996 ఏప్రిల్ నుంచి కేంద్రం ఆపరేషన్ లక్ష్యాలను ఎత్తేసింది. మరుసటి ఏడాదే మన రాష్ట్రం కొత్త జనాభా విధానంతో ముందుకొచ్చింది. ఆపరేషన్లు బాగా జరిగిన ఊళ్లకు నిధులు, చేయించుకున్నవాళ్లకు ఇళ్ల స్థలాలు, రుణాల్లో ప్రాధాన్యం, జిల్లాకు కొన్ని జంటలకు లాటరీ తీసి పదివేల రూపాయల బహుమతి. 2005లో బాలికా సంరక్షణ పథకం వచ్చింది. ఒక్క ఆడపిల్ల అయితే ఇరవై ఏళ్లు నిండాక లక్ష, ఇద్దరైతే తలా ముప్పై వేలు. తల్లిదండ్రుల్లో ఒకరు ఆపరేషన్ చేయించుకుని ఉండాలి. ఆడపిల్ల మీద ప్రేమకు కూడా సర్టిఫికెట్ జత చేయాల్సి వచ్చింది.

ఇవి బలవంతం కావు, ప్రోత్సాహకాలే అంటారు. నిజమే, ఎవరినీ లారీ ఎక్కించలేదు. కానీ వానలు పోయిన ఏడాది ఇంటి స్థలం కోసం ఎదురుచూసే కూలి మనిషికి 'ఇష్టం' అన్న మాటకున్న బరువు, అనంతపురం కలెక్టరేట్‌లో పనిచేసే గుమాస్తాకు ఆ మాటకున్న బరువు ఒకటి కాదు. పదివేల లాటరీకి ఆశపడి జూబ్లీహిల్స్‌లో ఎవరూ ఆపరేషన్ చేయించుకోలేదు. ఎర వేసేటప్పుడే ఎవరు తింటారో తెలుసు.

పంచాయతీల నిబంధన ఇంకా ముదురు. 1994 చట్టం కోట్ల విజయభాస్కరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు వచ్చింది. ఆడవాళ్లకు మూడో వంతు స్థానాలు, దళితులకు, గిరిజనులకు రిజర్వేషన్లు ఇచ్చింది ఆ చట్టమే. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లను గేటు దగ్గరే ఆపిందీ అదే. ఒక చేత్తో కుర్చీ వేసి ఇంకో చేత్తో లాగేశారు. ఎంతమందిని కనాలన్నది తన చేతిలో లేని ఇల్లాలు, కన్నందుకు సర్పంచి పదవికి అనర్హురాలైంది. మాజీ ఐఏఎస్ అధికారిణి నిర్మలా బుచ్ ఆధ్వర్యంలో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఐదు రాష్ట్రాల్లో జరిగిన అధ్యయనం ఈ దెబ్బ దళిత, గిరిజన, వెనుకబడిన కులాల మీదే ఎక్కువగా పడిందని చూపింది. పదవి కోసం బిడ్డను దాచినవాళ్లు, దత్తత ఇచ్చేసినవాళ్లు, భార్యను వదిలేసినవాళ్లు కూడా ఆ అధ్యయనంలో కనిపిస్తారు. ఎమ్మెల్యేకు, ఎంపీకి ఈ నిబంధన ఎన్నడూ లేదు. 2003లో జావేద్ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి నిబంధనే ఉన్న హర్యానా చట్టాన్ని సమర్థించింది. ఆ తీర్పు మీద గౌరవం ఉంచుకునే అంటున్నాను, అందులో ఆడమనిషి స్థితి గురించిన ఆలోచన చాలా పలచన.

ఇప్పుడు గాలి తిరిగింది. తిరగడానికి కారణం తల్లుల మీద బెంగ కాదు, సీట్ల మీద బెంగ. 1976లో 42వ సవరణతో లోక్‌సభ స్థానాల పంపిణీని 1971 జనాభా దగ్గర ఆపేశారు. కుటుంబ నియంత్రణ బాగా చేసిన రాష్ట్రాలు నష్టపోకూడదన్నది ఉద్దేశం. తర్వాత ఆ గడువును 2026 దాటాక జరిగే తొలి జనాభా లెక్కల వరకు పొడిగించారు. 2019-21 సర్వేలో రాష్ట్రంలో సంతానం సగటు 1.7, బిహార్‌లో 3. జనం తక్కువైతే ఢిల్లీలో గొంతూ తక్కువే, ఆర్థిక సంఘం వాటా కూడా తక్కువేనన్న భయం దక్షిణాదిది. ఆ భయం అన్యాయమైనదేమీ కాదు. పల్లెల్లో ముసలివాళ్లు మిగిలి, నెలకు నాలుగు వేల పింఛను మీద ఇళ్లు నడుస్తున్న మాటా నిజమే. కానీ సమాఖ్యలో సీట్ల పంచాయితీని రాజ్యాంగంలో తేల్చుకోవాలిగానీ రాయదుర్గం అమ్మాయి కడుపులో కాదు.

2025 మార్చిలో విజయనగరం ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు మూడో బిడ్డ ఆడపిల్ల అయితే తన జీతం నుంచి యాభై వేలు ఇస్తానని, మగపిల్లవాడైతే ఆవును ఇస్తానని ప్రకటించారు. ఆయన మంచి మనసుతోనే అన్నారనుకుందాం. ఆ యాభై వేలు ఎవరిని కదిలిస్తాయి? ఇద్దరూ ఉద్యోగాలు చేసుకుంటూ, ఒక్క బిడ్డ స్కూలు ఫీజుకే అంతకంటే ఎక్కువ కట్టే బెంగళూరు జంటను కదిలించవు. కదిలేది పాత ఎరకు కదిలిన గడపే.

ఇందులో ఇంకో లెక్క ఉంది. రాష్ట్రంలో పెళ్లయిన పదిమంది ఆడవాళ్లలో ఏడుగురికి ఆపరేషన్ అయిపోయింది. మూడో బిడ్డ పిలుపు వాళ్లకు చేరినా చేసేదేమీ లేదు. చేరేది ఇప్పుడిప్పుడే పెళ్లవుతున్న, పెళ్లి కాబోతున్న అమ్మాయిలకు. వాళ్లలో అందరికంటే ముందు పెళ్లయ్యేది చదువు మధ్యలో ఆగినవాళ్లకు, వలస పోయే ఇళ్లలోని వాళ్లకు. ఆపరేషన్ తొందర ఉన్నప్పుడు ఇంటర్ మాన్పించి పెళ్లి చేశారు. కాన్పుల తొందర వస్తే పదో తరగతి దగ్గరే ఆగుతుందేమోనన్నది నా భయం.

రుమేనియాలో నియంత చౌషెస్కూ 1966లో గర్భస్రావాన్ని నిషేధించి, జనాభా పెంచమని హుకుం జారీ చేశాడు. 1989 డిసెంబరులో అతను కూలేదాకా ఆ ఉత్తర్వు నడిచింది. చాటుమాటు గర్భస్రావాల్లో వేల మంది తల్లులు చనిపోయారు, అనాథాశ్రమాలు నిండిపోయాయి. చైనా 1980 నుంచి ఒక్కరే అంది, 2016లో ఇద్దరంది, 2021లో ముగ్గురంది. తగ్గించమంటే లాఠీతో తగ్గించగలిగిన ప్రభుత్వానికి పెంచడం చేతకావడం లేదు. అక్కడి ఆడవాళ్లు మునుపటి ఆజ్ఞను మరిచిపోలేదు.

ప్రసవాలు ఎన్నయినా ఉద్యోగినులకు ప్రసూతి సెలవు ఇస్తామని 2025లో ముఖ్యమంత్రి ప్రకటించారు. మంచిదే. అది నెల జీతం ఉన్నవాళ్లకు. చెనక్కాయ కలుపుకు పోయే మనిషికి సెలవంటే ఆ రోజు కూలి పోవడం. 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని మొదలుపెట్టింది అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే. పని దగ్గరికి తల్లుల వెంట ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువ వస్తే వాళ్లను చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టి, ఆమెకు కూడా కూలి ఇవ్వాలని ఆ చట్టంలోనే రాశారు. మూడో బిడ్డ మాట ఎత్తే ముందు, మొదటి ఇద్దరి కోసం ఆ మనిషిని ఎన్ని పని చోట్ల పెట్టారో, ఎన్నిచోట్ల పసివాళ్లు తవ్విన మట్టి పక్కన ఎండలో కూర్చున్నారో మండలాల వారీగా ఒక లెక్క తీసి సభ ముందు పెట్టవచ్చు.